పంటినొప్పని చెప్పిన రోజు

మొగిలవ్వ కోసిన తునికాకులో చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, గోటితో మూతి మలిచింది. ముప్పై ఏళ్ల బీడీల పనికి ఆమె చూపుడువేలి గోరు ఒక పక్కకు అరిగిపోయింది, వేళ్ల కొసలు పసుపు బారాయి. అయినా ఆ ఉదయం దారం రెండుసార్లు తెగింది. చూపంతా వాకిట్లో తల దువ్వుకుంటున్న బిడ్డ స్రవంతి మీదే ఉంది.

రెండేళ్ల కింద స్రవంతి నెల తప్పగానే కోరుట్లలో వాడంతా చక్కెర పంచింది మొగిలవ్వ. తీరా చూస్తే కడుపులో బిడ్డ లేదు, ద్రాక్షగుత్తిలా నీటిబుడగలు. ముత్యాల గర్భం అన్నారు. తీసేసినా దాని వేరు క్యాన్సరై మిగిలింది. నెలల తరబడి సూదిమందు ఎక్కించారు. గర్భం నుంచి పుట్టే ఈ క్యాన్సర్ మందుకు తొందరగా లొంగుతుందని, నయమయ్యాక పిల్లలు పుడతారని, ఈ మధ్య పరిశోధనలు చెప్పేదీ అదేనని జగిత్యాల డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. ఇప్పుడు పరీక్షలో మళ్లీ రెండు గీతలు వచ్చాయి.

"పోయినపారి గూడ రెండే అచ్చినయి గదనే," అంది మొగిలవ్వ.

"అవ్వా, నీకు దండం పెడత, జర ఊకో. స్కానింగ్‌ల తెలుస్తది."

ఈసారి ఆ సంగతి ఎవరి చెవినా వేయలేదు. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో బస్సులు లేవు. పక్కింటి నర్సింగం ఆటో మాట్లాడుకుని, అతనికి కూడా బిడ్డకు పంటినొప్పి అనే చెప్పింది.

మేడిపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. డప్పులు మోగుతున్నాయి. గరిటె పట్టుకున్న ఒక ఆడమనిషి ఆటోకు ఎదురొచ్చింది.

"ఇంద్రమ్మక్కా, దవాఖానకు పోతున్నం. పిల్లకు పన్ను నొస్తున్నది," అన్నాడు నర్సింగం.

"పన్నుకు జగిత్యాల దాక ఎందుకురా? లవంగం పెట్టుకోమను! దిగుర్రి, తిని ఎన్కకు పోర్రి."

అందరూ నవ్వారు. డాక్టరమ్మ మధ్యాహ్నం దాకే ఉంటుంది. బీడీ కార్ఖానాలో తను చుట్టిన కట్టలు బాగాలేవని తీసి పారేసినా ఎన్నడూ గొంతెత్తని మొగిలవ్వ ఆటో దిగింది.

"నా బిడ్డ కడుపుతోటున్నది! పోయినపారి గా కడుపులనే క్యాన్సర్ వుట్టింది. లోపల బిడ్డున్నదో, మల్ల గదే ఉన్నదో నాకు తెల్వాలె! తొవ్వియ్యుర్రి!"

డప్పు ఆగిపోయింది. ఇంద్రమ్మ గరిటె పక్కన పడేసి, వంగి బండరాయికి చేతులు వేసింది.

"సూస్తరేందిరా? జరుపుర్రి!"

స్కానింగు తెర నల్లగా ఉంది. డాక్టరమ్మ స్రవంతి పొట్ట మీద పరికరాన్ని అటూ ఇటూ జరిపింది. మొగిలవ్వ తెర దగ్గరికి వంగింది.

"ఇదిగో గుండె, కొట్టుకుంటోంది. బుడగలేమీ లేవు. బిడ్డే."

చీకట్లో గింజంత వెలుగు మిణుకుమిణుకుమంది.

"ఇంకొకపారి సూపియ్యమ్మా," అంది మొగిలవ్వ, నమ్మలేక. డాక్టరమ్మ నవ్వి మళ్లీ చూపించింది.

తిరుగుదారిలో రాళ్లు కనపడగానే మొగిలవ్వ ఆటోలోంచి సగం బయటికి వంగి అరిచింది. "గుండె కొట్టుకుంటున్నదక్కా!"

డప్పులన్నీ ఒక్కసారే లేచాయి.

"మరి పన్నో?" అంది ఇంద్రమ్మ.

"పన్నుకేంది, రాళ్లు గూడ నములుతది. బువ్వ పెట్టు!"

స్రవంతి విస్తరి ముందు కూర్చుంది. మొగిలవ్వ కొంగు నడుముకు దోపి, డప్పుల మధ్యకు వెళ్లింది. పెళ్లిళ్లలో కూడా ఎగరని కాళ్లు ఆ తారు రోడ్డు మీద ఎగిరాయి.

సాయంత్రం, ఫోన్‌లో సంగతి విన్న అల్లుడు కుమార్ తంగళ్ళపల్లి నుంచి, మరమగ్గాల పని దిగి నేరుగా, బండి మీద వచ్చాడు. స్రవంతి సంచి సర్దుకుంది.

"మెల్లగ తోలు కుమారూ, గుంతలు సూస్కో. పోంగనే ఫోన్ చెయ్యుర్రి," అంది మొగిలవ్వ.

బండి చప్పుడు వినపడకుండా పోయే దాకా నిలబడి, లోపలికి తిరిగింది. గూట్లో, ఉప్పు అద్దుకుని స్రవంతి సగం కొరికి వదిలేసిన పచ్చి చింతకాయ ఇంకా తడిగా మెరుస్తోంది.