తూము తాళం

మా ఊరి మురుగుకాలువ ఏటిలో కలిసేచోట తూము ఉంది. సముద్రం పోటెత్తినప్పుడు దాని తలుపు దించాలి, ఆటుకి ఎత్తాలి. దించకపోతే ఉప్పునీరు పొలాల్లోకి ఎక్కుతుంది. గట్టు మీది నాలుగిళ్ళలోనూ నాలుగు తాళంచెవులు ఉండేవి. పోటు ఎవరు ముందు చూస్తే వాళ్ళే వెళ్ళి దించేవారు. ఎవరినీ అడగాల్సిన పని లేదు.

ఈ ఏడు కాలువ సంఘానికి గంగబాబు గారు అధ్యక్షుడయ్యారు. కాపురం అమలాపురంలో. వస్తూనే నాలుగు చెవులూ పట్టుకుపోయి, తూము గోడకి కాగితం అంటించారు. "తూము నిర్వహణాధికారం కేంద్రీకరించడమైనది" అని.

"కేంద్రీకరించడం అంటే ఏంటండీ?" అని అడిగాను.

"అన్నీ ఒక్క చేతి కిందకి తెచ్చుకోవడమమ్మా లక్ష్మీదుర్గా. ఇక పొద్దున్న ఆరింటికి దించుతాం, పదింటికి ఎత్తుతాం. మా మనిషి వచ్చి చూసుకుంటాడు."

పక్కింటి నూకాలమ్మ గారు నవ్వారు. "పోటు రోజూ ముప్పావుగంట ఆలస్యంగా వస్తదండీ బాబూ. దానికి మీ కాగితం చదవడం రాదు కదా."

"అదంతా మేం చూసుకుంటామండీ" అన్నాడాయన. ఏం చూసుకున్నాడు, నా తలకాయ.

వారం తిరిగేసరికి పోటు పదిన్నరకి మొదలైంది. ఆ మనిషి పదింటికే తలుపు ఎత్తి, దాన్ని తిప్పే చక్రానికి గొలుసు చుట్టి, తాళం వేసి పోయాడు. తూముని ఆనుకునే నా ఆకుమడి. మూడెకరాల కౌలుచేనుకి సరిపడా నారు, ఇరవై రోజులది. గంగబాబు గారికి ఫోన్ చేశాను.

"ఉప్పునీరు ఎక్కేస్తందండీ."

"మనిషిని పంపుతున్నానమ్మా. నువ్వు మాత్రం తాళం ముట్టుకోకు."

"ఆయ్" అన్నాను. సిగ్గులేని నోరు, అలవాటుగా అనేసింది.

రెండు గంటలు గట్టు మీద కూర్చున్నాను. నీళ్ళు బోదె దాటి నారు మొదళ్ళలోకి వచ్చేశాయి. మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. చెవి అమలాపురంలో ఉంది, ఉప్పు నా మడిలో ఉంది. కేంద్రీకరించడమంటే ఇదన్నమాట. ఒళ్ళు మండిపోయింది. ఇంట్లోంచి గునపం తెచ్చాను. నేనూ నూకాలమ్మ గారూ తాళం విరిచి తలుపు దించాం.

మూడోనాటికి నారంతా కొసల నుంచి మాడిపోయింది. గంగబాబు గారు కారు దిగి తిన్నగా తూము దగ్గరికి నడిచారు. మడివంక చూస్తే ఒట్టు.

"సంఘం తాళం పగలగొట్టిందెవరు?"

నూకాలమ్మ గారు ఏదో చెప్పబోయారు. నేను అడ్డుపడ్డాను.

"నేనేనండీ. మీ మాట విని, రెండు గంటలు ఆలస్యంగా పగలగొట్టేను. తప్పంటే అదేనండీ నాది."