పదికి ఎంత, బాబాయ్?

రెండు వందల నలభై టన్నుల లారీని ఇరవై రెండేళ్లు తోలిన మనిషిని గుండ్రటి స్టూలు మీద కూర్చోబెట్టి, "చేతులు ఒళ్లో పెట్టుకో, నోరు మూసుకో" అంటే ఎలా ఉంటుంది? ఏనుగును తెచ్చి గోనెసంచిలో సర్దుకోమన్నట్టు ఉంటుంది. మార్లిస్ కిన్నునెన్ అలా సర్దుకుని ముప్పై ఏడు గంటలు కూర్చుంది. ఇంకా మూడు గంటలు కూర్చోవాలి.

ఐరన్ రేంజ్ అనే ఇనుప గనుల సీమలో ఆమె తోలిన లారీ సంగతి చెబితే కొత్తవాళ్లు నమ్మరు. టైరు పక్కన నిలబడితే ఆమె తల చక్రం మధ్య బోల్టుకు కూడా అందదు. సీట్లోకి వెళ్లాలంటే నిచ్చెన ఎక్కాలి. పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టినప్పుడు కింద మంచు కురుస్తుంటే, పైకి చేరేసరికి ఎండ కాసేదని ఆమె మొగుడు రూడీ బార్లో చెప్పేవాడు. అందులో సగం కోసి పారేసినా మిగతా సగం నిజం.

ఆ గని మూతపడింది. తోటివాళ్లు కొందరు వేరే రాష్ట్రాలకు పోయారు, కొందరు సరస్సుల మీదికి చేపలకు పోయారు. యాభై ఒకటో ఏట మార్లిస్ మాత్రం ఫిజియోథెరపీ అసిస్టెంటు కోర్సుకు దరఖాస్తు పెడతానంది. కారణం ఆమె కుడి భుజం. మూడేళ్ల కింద అందులోని కండరం తెగింది. ఆపరేషను చేసిన డాక్టరు ముఖం ఆమెకు గుర్తులేదు. ఆ తరువాత నాలుగు నెలలు ఆ చేతిని గోడ మీద వేలెడు వేలెడు చొప్పున పైకి పాకించిన అసిస్టెంటు ముఖం మాత్రం కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది.

"నీ చదువు పూర్తయ్యేసరికి నీకే థెరపీ కావాలి కదే" అన్నాడు రూడీ.

"కావాలంటే నాకు నేనే చేసుకుంటాను. నీకు మాత్రం చెయ్యను."

చెయ్యనన్నదే గానీ ఆ ఏడాదంతా రూడీ ఒళ్లే ఆమెకు పలక అయింది. శరీర నిర్మాణం పాఠం పాసైతే తప్ప దరఖాస్తు తీసుకోరు. రూడీ సోఫాలో కునుకు తియ్యగానే ఆమె పెన్ను పట్టుకుని వచ్చి ఎముక ఎముకకూ పేరు రాసేది. శనివారం ఆవిరి స్నానానికి వెళితే తోటి మగవాళ్లంతా అతని వీపు చుట్టూ మూగి చదివేవాళ్లు. "ఒరేయ్ రూడీ, ఏడో పక్కటెముకని ఎనిమిది అని రాసిందిరా మీ ఆవిడ" అని ఒకడు లెక్కపెట్టి మరీ చెప్పాడు. ఆ తప్పు దిద్దుకున్నాకే మార్లిస్ పరీక్షకు వెళ్లి నూటికి తొంభై నాలుగు తెచ్చుకుంది. ఆ ఊళ్లో ఎముకల పేర్లు తెలిసిన ముసలివాళ్లు డజను మంది ఉన్నారంటే ఆ పుణ్యం రూడీ వీపుదే.

ఇక మిగిలింది చూసే గంటలు. ఏదైనా థెరపీ క్లినిక్కులో నలభై గంటలు కూర్చుని పని చూడాలి, అక్కడి ఫిజియో కాగితం మీద సంతకం పెట్టాలి. సీట్లు ఇరవై నాలుగు, కిందటేడు వచ్చిన దరఖాస్తులు నూట పది. ఒక్క గంట తగ్గినా ఫైలు విప్పరు. గడువు శుక్రవారం సాయంత్రం నాలుగు.

క్లినిక్కు గోడ మీద బోర్డు ఉంది: చూడవచ్చు, ముట్టుకోకూడదు, రోగితో మాట్లాడకూడదు. ఆ బోర్డు పెట్టినవాడు బ్రెంట్. ఇరవై తొమ్మిదేళ్లవాడు, మినియాపొలిస్ నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. చెడ్డవాడు కాదు. చేతులు మెత్తన, పుస్తకం గట్టి. ప్రతి రోగినీ ఒకే ప్రశ్న అడుగుతాడు, "నొప్పి పదికి ఎంత?" చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాడు. అక్కడే వచ్చింది చిక్కు.

మా రేంజ్‌లో నొప్పికి ఉన్న కొలతలు రెండే. ఒకటి "పర్లేదు". రెండోది "మరీ అంత పర్లేదనలేం". మొదటిది చెప్పినవాడి కాలు విరిగి ఉంటుంది. రెండోది చెప్పినవాడికి డాక్టరు కన్నా ముందు పాస్టరును పిలవాలి. ఉర్హో ముసలాయన గనిలో చిటికెన వేలు పోగొట్టుకున్న రోజున డ్యూటీ పూర్తి చేసి, ఇంటికి వెళ్లి, స్నానం ముగించి, సూపులో ఉప్పు తక్కువైందని గొణిగి, అప్పుడు చెప్పాడట పెళ్లానికి వేలి సంగతి.

ఆ ఉర్హోకే ఇప్పుడు డెబ్బై తొమ్మిదేళ్లు, ఆపరేషనుతో పెట్టిన కొత్త మోకీలు. గురువారం మధ్యాహ్నం బల్ల మీద పడుకుని ఉన్నాడు.

"పదికి ఎంత, సార్?" అన్నాడు బ్రెంట్.

"రెండు" అన్నాడు ఉర్హో.

బ్రెంట్ రెండు అని రాసి, మడమ పట్టుకుని మోకాలు ఇంకొంచెం వంచాడు. మార్లిస్ స్టూలు మీది నుంచి చూస్తోంది. ఉర్హో చెవుల చివర్లు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. నాలుగు వేళ్ల చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. ఈలపాట మొదలుపెట్టాడు. రేంజ్ మగవాడు ఈల వేశాడంటే ఏడుపు గొంతు దాకా వచ్చిందని అర్థం.

"ఇప్పుడెంత?"

"రెండే."

"బాగుంది, ఇంకొంచెం వంచుదాం."

"అది రెండు కాదు" అంది మార్లిస్.

గదిలో ఈల ఆగిపోయింది. పక్క బల్ల దగ్గర భుజానికి వేడికట్టు వేసుకుని కూర్చున్న అల్బీనా, ఎనభై ఒక్కేళ్ల స్లొవేనియా ముసలామె, ఇటు తిరిగింది.

"మార్లిస్ గారూ, బోర్డు చదివారు కదా" అన్నాడు బ్రెంట్.

"చదివాను. ఆయన అబద్ధం చెప్తున్నాడు."

"నొప్పి నాది, నీకెందుకే పిల్లా?" ఉర్హో ఉరిమాడు. "రెండన్నాను. కావాలంటే ఒకటిన్నర చేసుకో!"

మార్లిస్ లేచి నిలబడింది. ముట్టుకోలేదు, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుంది. "సరే బాబాయ్. ఒక్క మాట అడుగుతాను. ఇవాళ ఎండ బాగుంది, సరస్సు మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది. చేపలకి వెళ్తావా?"

ఉర్హో బల్ల అంచు వదిలాడు. పైకప్పు వంక చూశాడు.

"ఇవాళ వద్దులే" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

"అయ్యో దేవుడా!" అని అల్బీనా గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆయన భార్యను సమాధి చేసిన మర్నాడు కూడా గడ్డకట్టిన సరస్సు మీద కన్నం తవ్వి, చేపల కోసం బకెట్టు బోర్లించుకుని కూర్చున్నవాడు మరి.

బ్రెంట్‌కు ఇదంతా అర్థం కాలేదు. అతనికి అర్థమైంది ఒక్కటే, తన గదిలో తన రోగి ముందు ఒక చూపరి తనను తప్పు పట్టింది. మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఇవాళ్టి గంటలు లెక్కలోకి రావు. ఇంటికి వెళ్లండి. తప్పయిందని కాగితం రాసి తెస్తే వచ్చే వారం చూస్తాను."

"గడువు రేపే."

"అది ముందే ఆలోచించుకోవాల్సింది."

"మాట్లాడకూడని చోట మాట్లాడాను. అది తప్పే, ఇప్పుడే రాసిస్తాను" అంది మార్లిస్. "ఆయనకి నొప్పి రెండేనని మాత్రం రాయను. సీటు పోయినా రాయను."

కోటు తగిలించుకుని వెళ్లిపోయింది.

ఇంట్లో రూడీ బంగాళాదుంప కూరిన పాస్టీ రొట్టెలు వేడి చేసి పెట్టాడు. సంగతంతా విని, నములుతూ అన్నాడు, "ఇంకో ఊళ్లో నా బావమరిది కూతురు ఫిజియోయే కదా. మూడు గంటలకి ఓ సంతకం గీకించుకొస్తా. ఎవడు చూడొచ్చాడు?"

"కూర్చోని గంటకి సంతకమా? నిచ్చెన ఎక్కకుండానే లారీ తోలానన్నట్టు."

"మరేం చేస్తావ్?"

"రేపు వెళ్లి కూర్చుంటాను."

"రావద్దన్నాడు కదే!"

"ఇవాళ్టి గంటలు లెక్కలోకి రావన్నాడు. రేపు ఇవాళ కాదుగా."

రూడీ ఇంకో పాస్టీ ఆమె కంచంలో వేశాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గానీ, మొండిదాని మొగుడి సంగతి ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం ఎనిమిదింటికి బ్రెంట్ తలుపు తాళం తీసేసరికి మెట్ల మీద మార్లిస్ ఉంది. అతని వెనకే లోపలికి వెళ్లి, మూలనున్న స్టూలు మీద కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకుంది.

"నేను సంతకం పెడతానని చెప్పలేదు" అన్నాడు బ్రెంట్.

"పెట్టమని నేనూ అడగలేదు. పెడితే పెట్టండి, లేకపోతే లేదు. నా గంటలు నేను కూర్చుంటాను. బయటికి పంపాలంటే మాత్రం ఎత్తి పంపాలి. ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచండి, నడుం వంచొద్దు. ఎముకల పుస్తకం తొమ్మిదో పాఠం."

బ్రెంట్ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. తిరిగి వచ్చేసరికి ముఖం మళ్లీ పుస్తకంలా పెట్టుకున్నాడు.

ఇంతలో ఉర్హో వాకరు తోసుకుంటూ వచ్చాడు, వెనకే అల్బీనా. రోగి ఒప్పుకుంటేనే పరాయి మనిషి చూడాలి, దానికి రోజూ ఒక చీటీ మీద సంతకం చెయ్యాలి. బ్రెంట్ ఆ చీటీ ఇచ్చి, "మీకు ఇష్టం లేకపోతే ఈమెను పంపించేస్తాను" అన్నాడు. ముసలాయన నిన్న ఉరిమింది చూశాడు కదా, ఆ పని ఆయనే చేస్తాడనుకున్నాడు.

ఉర్హో చీటీ మీద సంతకం చేశాడు. చేసి, కోటు విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. "అది స్టూలు మీద ఉంటే నేను బల్ల మీద ఉంటా. అది బయటికి పోతే నేను ఈ కోట్లోనే ఉంటా."

"నేనూ అంతే" అంది అల్బీనా, బల్ల మీది వేడికట్టు తీసి, వేసుకోకుండా చేతిలోనే పట్టుకుని. "డెబ్బై ఏడులో గనిలో నాలుగున్నర నెలలు సమ్మె చేశాం నాయనా. భుజం ఓ పూట ఆగుతుంది."

"మీ సమ్మె నాకొద్దు!" మార్లిస్ గట్టిగా అంది. "బాబాయ్, పోయి పడుకో. ముష్టి గంటలు నాకక్కర్లేదు."

"నీకెవరు వేశారే ముష్టి? నా మోకాలి కోసం చెప్తున్నా." ఉర్హో బ్రెంట్ వైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. ఒకసారి అల్బీనా వంక చూశాడు, ఇక్కడ అన్న మాట మధ్యాహ్నానికి చర్చి దాకా పోతుందని ఆయనకు తెలుసు. "డాక్టరబ్బాయ్. నిన్నటిది రెండు కాదు. రాత్రి మెట్లెక్కలేక సోఫాలో పడుకున్నా. ఎనిమిది."

ఆ అంకె బయటికి రావడానికి డెబ్బై తొమ్మిదేళ్లు పట్టింది. అల్బీనా చేతిలోని వేడికట్టు కింద పడింది. తీసుకోవడానికి ఎవరూ వంగలేదు.

బ్రెంట్ ఫైలు తెరిచి, నిన్నటి రెండు మీద గీత కొట్టి, పక్కన ఎనిమిది వేశాడు. కింద తన పొడి అక్షరాలూ పెట్టాడు. అప్పుడు ముసలాయన పక్కన ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చుని, అలవాటు లేని మాట అన్నట్టు తడుముకుంటూ అడిగాడు, "సార్... ఇవాళ చేపలకి వెళ్తారా?"

ఉర్హో ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "వెళ్తా. కానీ మంచులో కన్నం ఇంకొకడు తవ్వాలి."

బ్రెంట్ పెన్ను గాలిలో ఆగింది. మూలకు చూశాడు. "అంటే పదికి ఎంత?"

మార్లిస్ పెదవులు బిగించి, గడ్డంతో బోర్డు చూపించింది.

"మాట్లాడండి, నేను చెప్తున్నాను కదా!"

"ఐదు" అంది మార్లిస్. "ఇవాళ మెల్లగా వంచండి."

పదకొండింటికి మూడు గంటలు పూర్తయ్యాయి. బ్రెంట్ కాగితం మీద నలభై వేసి సంతకం పెట్టాడు. కింద ఇంకేమైనా చెప్పదలిస్తే రాయమని గడి ఉంది. దాని మీద పెన్ను పెట్టి ఆగాడు. "చూడాల్సిన మనిషి మాట్లాడిందని రాయాలి. జరిగింది దాచలేను."

"దాచొద్దు. ఎందుకు మాట్లాడిందో కూడా రాయండి."

అతను రాశాడు. మూడు లైన్లు ఉన్నాయి. కాగితం మడిచి, కవరులో పెట్టి అతికించి, మీద అడ్డంగా సంతకం చేసి ఇచ్చాడు. ఆ మూడు లైన్లలో ఏముందో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

కాలేజీ నలభై మైళ్లు. రూడీ పికప్పు తోలుతుంటే ఆమె కవరును దారి పొడుగునా రెండు చేతులతో పట్టుకుంది, పెంకు పగలని గుడ్డును పట్టుకున్నట్టు. కౌంటరు దగ్గర కుర్రది కళ్లజోడు పైకి తోసి, "మీ అమ్మాయి దరఖాస్తా అండీ?" అంది.

"మా అమ్మాయిది కాదు. నాది."

కుర్రది ఫైలు తిప్పింది, గంటలు చూసింది, మార్కులు చూసింది, అతికించిన కవరును అటూ ఇటూ తిప్పింది. "ఇది కమిటీ వాళ్లే విప్పుతారు. ఇందులో ఏముందో మీకు తెలుసా?"

"తెలీదు. ఉన్నది నిజం. చదవనివ్వండి."

ముద్ర టక్కుమని పడింది. రెండుంబావు.

బయట రూడీ ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. ఆమె ఎక్కి తలుపు వేసుకుంది. "ఎలా ఉంది?" అన్నాడు బండి కదిలిస్తూ.

"పర్లేదు" అనబోయింది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది, పుట్టినప్పటి నుంచి అక్కడే కాపురం ఉంటోంది కదా. దాన్ని మింగేసింది.

"భయంగా ఉంది" అంది. "పదికి తొమ్మిది."

రూడీ పికప్పును మంచుదిబ్బ మీదికి ఎక్కించి, మళ్లీ కిందికి దించాడు. ముప్పై ఏళ్ల కాపురంలో పెళ్లాం నోట అంకె వినడం అదే మొదలు. చేతి తొడుగుతో స్టీరింగు తుడిచాడు.

"అయితే... ఇంటికి పోదామా?"

"ఇంటికెందుకు?" అంది మార్లిస్, చేతి తొడుగులు వేసుకుంటూ. "వెనక బకెట్లున్నాయా? చేపలకి పోదాం పద. ఉర్హో బాబాయిని కూడా ఎక్కించుకుందాం. కన్నం నేను తవ్వుతాను."