కాకి ముట్టని సరుకు

చెల్లెలి మొగుడు గంగరాజు పోయిన రోజు యుగంధర్ మాస్టారు పదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతున్నాడు. ఫోను తీసి విన్నాడు. చేతిలో ఉన్న పేపరు చివరిదాకా దిద్ది, మార్కులు కూడి, అప్పుడు లేచాడు. ఎందుకలా చేశాడో అతనికే తెలియదు. విశాఖ ఆస్పత్రికి చేరేసరికి చెల్లెలు హేమ వరండాలో గోడకి ఆనుకుని నేలమీద కూర్చునుంది. అన్నని చూసి ఏడవలేదు.

"నువ్వు మార్కులేసి ఇంటికెల్లిపోయీవోడివి," అంది. "మిగిలిందంతా ఆయన తాగీవోడు."

లివరు పాడైపోయిందని డాక్టర్లు అంతకుముందే చెప్పారు. ఎవరి మూలంగానో హేమ చెప్పింది. ఆ తర్వాత అన్నతో నోరు విప్పలేదు. శవం వెంట నడిచినప్పుడూ, చిన్నదినం నాడూ అతను పక్కనే ఉన్నాడు. ఆమె అతన్ని దాటి చూసింది. తోడబుట్టింది ఒక్కతే. పెద్దదినం లోపల తనతో ఒక్క మాటైనా మాట్లాడితే చాలనుకున్నాడు.

గంగరాజు ఓడల్లో ఇంజిను గదిలో పనిచేసేవాడు. ఊరు భోగాపురం దిగువన, సముద్రపు ఒడ్డున; ఇంటికి ఓ వేట పడవ కూడా ఉంది. సెలవుకొచ్చినప్పుడల్లా సంచిలో రెండు మూడు స్కాచ్ సీసాలు తెచ్చేవాడు. ఊళ్ళో దొరికే రకం కాదు. స్కాట్లాండు దీవుల్లో పీట్ అనే నల్లటి బురదమట్టిని ఎండబెట్టి కాల్చి, ఆ పొగలో మొలక బార్లీని ఆరబెడతారు. దాంతో కాచిన సరుకు పద్దెనిమిదేళ్ళు, పాతికేళ్ళు పీపాల్లో ఉంటుంది. పొగ మాత్రం పోదు.

సాయంత్రం బావలిద్దరూ అరుగు మీద కూర్చునేవారు. సీసాలు కనబడకుండా హేమే వంటింట్లో గ్లాసుల్లో పోసి, సాసర్లు మూతపెట్టి తెచ్చేది. ఏ గ్లాసులో ఏదుందో ఆమెకే తెలుసు. వీళ్ళు రుచి చూసి నూటికి మార్కులెయ్యాలి. వాసనకి పాతిక మార్కులు, నాలుక మీద రుచికి పాతిక, మింగాక గొంతులో నిలిచేదానికి పాతిక, మొత్తం కుదిరిన తీరుకి పాతిక.

"ఇదేటి బావా, ఆస్పత్రిలో ఎవడో ఎండు నెత్తళ్ళు కాల్సినట్టున్నాది!" అనేవాడు గంగరాజు.

"అయొడిన్. సముద్రపు నాచు. వెనక కొంచెం తేనె," అనేవాడు మాస్టారు. "ఎనభై నాలుగు."

"ఎనభై నాలుగా! అన్నేళ్ళు పీపాలో తపస్సు సేసినోడికి ఎనభై నాలుగా? ఒసే హేమా, మీ అన్న దగ్గర సదివిన పిల్లలు బాగుపడతారేటే?"

వంటింటి గుమ్మంలో హేమ పకపకా నవ్వేది. మాస్టారు ఒక్కోదాంట్లో రెండే గుక్కలు. తర్వాత నీళ్ళు పుక్కిలించి, చొక్కా సర్దుకుని బస్సెక్కి విజయనగరం వెళ్ళిపోయేవాడు. తను తాగుతున్నానని అతనెప్పుడూ అనుకోలేదు. మార్కులయ్యాక అరుగు మీదికొచ్చిన సీసాలు మాత్రం అక్కడే ఉండేవి, గంగరాజు కూడా.

పెద్దదినం పొద్దున్నే సరుగుడు తోట దాటి ఇసుకలో విస్తరి వేశారు. అన్నం, కానాగంత చేపల పులుసు, గారెలు, బీడీకట్ట. పోయినవాడికి ఏమేం ఇష్టమో అన్నీ పెట్టి పిట్టని పిలవాలి. కాకి ముడితే తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే కోరికేదో మిగిలినట్టు.

"ఓడ సరుకు లేకుండా నా కొడుకు రాడు," అంది గంగరాజు తల్లి లక్ష్మణమ్మ. "ఏది ఇష్టమో మాస్టారికే తెలుస్తాది. అలమారాలో ఉన్నాయి, తెప్పించండి."

మూడు సీసాలొచ్చాయి. మాస్టారు మూతలు తీసి వాసన చూశాడు. పాతికేళ్ళది ఎంచాడు. దానికి తను ఎనభై ఎనిమిది వేశాడు, గంగరాజు తొంభై అయిదు. దొన్నెలో పోసి, అలవాటుగా వేలితో రెండు చుక్కలు నీళ్ళు చిలకరించాడు. అలా చేస్తే వాసన విప్పుకుంటుంది.

"సచ్చినోడికి కూడా కలిపిత్తన్నాడ్రా మాస్టారు," అన్నాడు వెనకనుంచి ఎవడో. ఇద్దరు ముగ్గురు నవ్వాపుకున్నారు.

కాకులొచ్చాయి. కొంచెం దూరంలో వాలి, మెడలు వంచి చూసి, గెంతుకుంటూ వెనక్కి పోయాయి. అందరూ ఎదురుచూశారు. పొగ వాసన గాలికి మాస్టారి దాకా వస్తోంది.

"ఒరే గంగా, నీ పెళ్ళాన్ని నా కూతుర్లా సూసుకుంటాన్రా, రారా," అని చేతులు జోడించింది లక్ష్మణమ్మ. రాలేదు.

"నీ పడవ అమ్మనివ్వం, రా," అన్నాడు కులపెద్ద. రాలేదు.

అప్పుడు హేమ లేచింది. ఎవర్నీ అడగలేదు. విస్తరిలోంచి దొన్నె తీసుకుని అలల దాకా నడిచి, వంగి, నీళ్ళలో పోసేసి, దొన్నె కూడా వదిలేసింది. ఆమె తిరిగొచ్చేలోపే ఓ కాకి దిగి చేపముక్క ఎత్తుకుపోయింది. దాని వెనకే మరో నాలుగు వచ్చి పడ్డాయి.

"సూసినావా అత్తా!" హేమ గొంతు ఎగిసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఒద్దన్నాడు! ఆకరికి ఒద్దన్నాడు!" తడిసిన చీర అంచుతో గబగబా నడిచొచ్చి అన్న ఎదురుగా నిలబడింది. "అన్నయ్యా, సూసినావా? మానేసినాడు."

ఆ పిలుపు కోసమే అతను అన్ని రోజులూ ఎదురుచూశాడు. ఊరుకుని ఉండాల్సింది. ఔనని తలాడించినా సరిపోయేది. కానీ తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని నోరు అతనిది.

"అది వాసనకి రాలేదు, హేమా," అన్నాడు మెల్లగా, పాఠం చెప్పినట్టు. "పీట్ పొగ, పైన స్పిరిట్ ఘాటు. కాకికి ఆ వాసన కొత్త. తీసేశావు గనక వచ్చింది."

లక్ష్మణమ్మ కొడుకుని తలుచుకుంటున్నదల్లా ఆగిపోయింది.

"అయితే ఆయన ఒద్దన్లేదంటావు," అంది హేమ.

మాస్టారు వంగి పాతికేళ్ళ సీసాకి మూత బిగించాడు.

"నీకు తెలుస్తాదిలే. మార్కులేసినోడివి," అంది. వెనుదిరిగి వెళ్ళి కాళ్ళు కడుక్కుంది.

భోజనాల దగ్గర అతనికి విస్తరి వేశారు, అందరికీ వేసినట్టే. పుట్టింటి చీర పళ్ళెంలో పెట్టి ఇస్తే హేమ రెండు చేతులా అందుకుంది. ఇంకా ఏదైనా కావాలా అని వడ్డించేవాళ్ళచేత అడిగించింది. తను అడగలేదు.

బడి తెరిచారు. మాస్టారు పాఠాలు చెబుతున్నాడు. ఆదివారాలు బస్సెక్కి భోగాపురం దాకా వెళ్ళి, హేమ ఊరికెళ్ళే ఆటోలు ఆగేచోట కాసేపు నిలబడి, వచ్చిన బస్సుకే తిరిగొస్తున్నాడు. తను చెప్పింది నిజమేనని ఇప్పటికీ అతనికి తెలుసు. గంగరాజు మానేశాడన్న మాట మాత్రం హేమతో ఇంకా అనలేదు.