పిక్కలో గృహప్రవేశం

తెల్లారేసరికి వీరవేణి ఎడమకాలి పిక్కకి తలుపు మొలిచింది. ఒంటిరెక్క తలుపు, ఇత్తడి గొళ్ళెం. గడపకి ఎవరో అప్పుడే పసుపు రాసి బొట్లు కూడా పెట్టారు. బోదకాలు కదా, జాగాకేం కొదవ! వీరవేణి అరుగు మీద కూర్చుని ఎప్పట్లాగే కొబ్బరితాడు పేనుకుంటోంది.

ఆశా కార్యకర్త మేరీరత్నం మాత్రల సంచీతో వస్తుంది. ఏటా వస్తుంది, ఏటా ఒకటే పాట: తన కళ్ళముందే మింగాలి. దానికి తగ్గ విద్య వీరవేణి దగ్గరుంది. మాత్ర నాలుక కిందకి తోసి, నీళ్ళు గటగటా తాగి, "ఆ" అని నోరు తెరుస్తుంది. మేరీరత్నం వీధి మలుపు తిరగ్గానే మాత్ర చూరులోకి పోతుంది. కూతురు లోవ వంతు వస్తే, "పిల్ల పరగడుపున ఉందొదినా, అన్నం తిన్నాక నేనే ఏత్తాను" అంటుంది. మాత్ర వేస్తే కళ్ళు తిరుగుతాయని భయం. కాలు రోలంత అయినా ఆ భయం పోలేదు. ఏం చెప్తాం!

మేరీరత్నం తలుపుని చూసి సంతోషిస్తుంది.

"బతికించావే వీరవేణీ! నోట్లో ఏత్తే మందు ఒళ్ళంతా ఊరేగి, పురుగున్న చోటికొచ్చేసరికి ఒట్టి చేతుల్తో నిలబడతాది. ఇప్పుడు గుమ్మంలోనే ఇచ్చేయొచ్చు."

గొళ్ళెం ఆడిస్తుంది. దారప్పోగంత సన్నటి తెల్లటి ఆవిడ కొంగు తలమీదుగా కప్పుకుని తలుపు ఓరగా తీస్తుంది.

"మందా అండీ? ఇలాగియ్యండి. అన్నం తిన్నాక ఏసుకుంటాం."

ఆ గొంతు అచ్చం వీరవేణిది.

"నీ ఒంట్లో పెరిగినోళ్ళు, నీ మాట రాకేం?" అంటుంది మేరీరత్నం. "ఎవరో ఒకరు లోపలికెళ్ళి, ఎదురుగా నిలబడి మింగించాలి. ఇల్లు నీది. పైదాన్ని నేనెల్తే బాగోదు."

పక్కనే లోవ తన పిక్క గోక్కుంటోంది. గోకిన చోట, సుద్దముక్కతో గీసినట్టు, నలుచదరంగా సన్నటి గీత. గొళ్ళెం ఇంకా రాలేదు. నిన్న తలంటినప్పుడు లేదే అది!

వీరవేణి ఇక ఆగదు. పేనిన తాడు నడుముకి కట్టుకుని, కొస లోవ చేతికిచ్చి, తల వంచి తన కాల్లోకి తనే వెళ్తుంది. కాలు అరుగు మీదే ఉంటుంది. మేరీరత్నం దాన్ని ఒడిలో పెట్టుకుంటుంది.

లోపల పొడుగాటి సావిడి. వీరవేణి నడిచేకొద్దీ ఇంకా పొడుగవుతోంది. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. ప్రతి ఇటుకా గుండ్రంగా ఉంది, మధ్యలో అడ్డగీత ఉంది. వేలితో రాసి నాలిక్కి తగిలిస్తే కటిక చేదు.

"మీరిచ్చినయ్యేనండీ," అంటుంది తెల్లావిడ, అతి మర్యాదగా. "మీ చూరులోంచి ఒక్కటి కూడా పోనివ్వలేదు. ఆ చిన్నయ్యి పాపగారివి. పాపగారి కాల్లో మా పెద్దోడు ఇల్లు కట్టాడండి. ఇయ్యాళే గృహప్రవేశం. పెరటిదారే. మీరు రాకపోతే మాకు వెలితండీ."

చెప్పి వీరవేణి నుదుట బొట్టు పెడుతుంది. ఓరి భగవంతుడా, తన పిల్ల కాల్లో ఇంకొకరి గృహప్రవేశానికి తనకే పిలుపు! వీరవేణి గోడ పట్టుకుని నిలదొక్కుకుంటున్నట్టు నటించి, చిన్న ఇటుక ఒకటి ఊడబీకి నాలుక కింద పెట్టుకుంటుంది.

పెరటిదారి చివర మామిడాకుల తోరణం కనిపిస్తుంది. వడ్రంగి గొళ్ళెం బిగిస్తున్నాడు. గుమ్మంలో పెద్దోడు వచ్చినవాళ్ళందరి నోళ్ళూ చూస్తున్నాడు.

"ఏమనుకోకండి, మందు పట్టుకొచ్చారేమోనని. ఏదీ, ఆ అనండి."

వీరవేణి "ఆ" అంటుంది. ఇన్నేళ్ళ విద్య ఊరికే పోతుందా? పెద్దోడు చేతులు జోడించి లోపలికి రమ్మంటాడు.

పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయి. గోడల అవతల లోవ గుండె దడదడా కొట్టుకోవడం వినిపిస్తోంది. వీరవేణి మంట ఊదుతున్నట్టు వంగి, మాత్రని పాలల్లోకి జారవిడుస్తుంది. పాలు పొంగుతాయి. అందరూ చప్పట్లు కొడతారు.

"పెద్దముత్తయిదువుని, నేనే పోత్తాను," అని గ్లాసులు అందుకుంటుంది. "అన్నం తిన్నాక కాదు. ఇప్పుడే, నా ముందే తాగండి."

తాగినవాళ్ళు తాగినట్టే కొంగులు సర్దుకుని, చాపల మీద ఒద్దికగా పడుకుంటారు. మళ్ళీ లేవరు. తెల్లావిడ కూడా గ్లాసు బోర్లించి, "పాలు చేదుగా ఉన్నాయండీ" అని కళ్ళు మూస్తుంది. వడ్రంగి చేతిలో గొళ్ళెం సగం బిగిసి ఆగిపోతుంది.

పెద్దోడొక్కడే నిలబడి ఉన్నాడు. గ్లాసు ఖాళీ చేశాడు కానీ, బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది. ఆ బుగ్గ సంగతి వీరవేణికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది!

"నోరు తెరు. నాలుక పైకెత్తు," అంటుంది, దీపం దగ్గరగా పెట్టి.

వాడు సిగ్గుపడుతూ ఎత్తుతాడు. నాలుక కింద పాలు లేవు. చిన్న తలుపు ఉంది. గడపకి రాసిన పసుపు ఇంకా తడిగానే ఉంది. లోపల్నుంచి ఎవరో లోవ గొంతుతో, "అన్నం తిన్నాక ఏసుకుంటామండీ" అంటున్నారు.

వీరవేణి గిన్నెలో అడుగున మిగిలిన పాలు గ్లాసులోకి వంచుకుని, కొంగు బిగించి, నడుముకున్న తాడు ఒకసారి గుంజుతుంది.

"లోవా, ఇంకాస్త తాడు వదలవే."