కర్నల్ నడిచిన గీత

మోజెల్ స్ట్రౌడ్ పొద్దున్నే లేచి పొయ్యి వెలిగిస్తుంది, కాఫీ పెడుతుంది, తర్వాత కొట్టంలోకి వెళ్ళి కర్నల్‌ని తిడుతుంది. పద్దెనిమిదేళ్ళ వయసులో కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టింది మొదలు నలభై రెండేళ్ళుగా ఆ వరస తప్పలేదు. మొగుడు పోయిన రోజు కూడా తిట్టింది.

"తినడానికి తప్ప దేనికీ పనికిరావు. గడ్డి ఎంత ధర ఉందో తెలుసా నీకు?"

కర్నల్ కంచర గాడిద. హార్బిన్ కౌంటీని మొట్టమొదట కొలిచిన సర్వేయరు తన గొలుసులూ హద్దు కర్రలూ దాని వీపు మీదే వేసుకొచ్చాడు. ఆయన జ్వరమొచ్చి పోయాడు. ఆయన కొలిచిన పొలాల్లో రాళ్ళేరి మొక్కజొన్న వేసినవాళ్ళు పోయారు, వాళ్ళ కొడుకులు పోయారు, స్లేట్ వాగు రెండుసార్లు దారి మార్చుకుంది. కర్నల్ ఉండిపోయింది. ఇప్పుడు దానికి నూట ఇరవై మూడేళ్ళు దాటాయి. పళ్ళు అరిగిపోయాయి కాబట్టి ఓట్స్ నానబెట్టి పెట్టాలి.

ఎవరికైనా హద్దు తగాదా వస్తే దాని దగ్గరికి వస్తారు. ఎడమ చెవిలో పొలం గలవాడి పేరు చెప్తే చాలు, ఆ పొలం మొదట కొలిచినప్పటి గీత వెంట నడుస్తుంది. అడిగిన మనిషి వెనకాలే కర్రలు పాతుకుంటూ పోవాలి. అది ఎటు నడిస్తే అదే హద్దు. టర్లీ ఊళ్ళో కోర్టు గోడకి ఆ మాట అద్దాల చట్రంలో కట్టి ఉంది. ఇరవై మూడేళ్ళ కిందట మోజెల్ మొగుడు, పక్క పొలంవాడైన డోయల్ ప్రిచెట్ తండ్రి మీద ఊట బావి గెలిచింది కూడా అలాగే. ఆ ఊట లేకపోతే స్ట్రౌడ్ వాళ్ళ ఆవులకి ఎండాకాలం నీళ్ళు లేవు.

పందొమ్మిది వందల అరవై ఒకటి ఏప్రిల్‌లో, ఒక మంగళవారం పూట, ఆకుపచ్చ కారొకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి మోజెల్ వాకిట్లో ఆగింది. దాని వెనకే డోయల్ ప్రిచెట్ ట్రక్కు. కారులోంచి నల్లావిడ దిగింది. బూడిదరంగు గౌను, చేతిలో సంచి, నెత్తిమీద టోపీ. మోజెల్ చేతిలో పాల బకెట్ అలాగే ఉండిపోయింది. ఆ కౌంటీలో నల్లమనిషి కాలుపెట్టి యాభై రెండేళ్ళయింది. పొద్దు గూకేలోపు నల్లవాళ్ళు వెళ్ళిపోవాలని కౌంటీ ఎల్లలో బోర్డు కూడా ఉండేది. చెదలు తిన్నాక ఎవరూ కొత్తది పెట్టలేదు, అవసరం పడలేదు.

"ఏం కావాలి అమ్మాయ్? దారి తప్పావా?" అంది మోజెల్.

"తప్పలేదు. నాకు యాభై మూడేళ్ళు, అమ్మాయ్ అనకు. నా పేరు ఆర్డీలియా బెల్. కర్నల్ ఉండేది ఇక్కడేనా?"

డోయల్ ట్రక్కు దిగకుండానే కిటికీలోంచి తల పెట్టి అరిచాడు. "కొట్లో దీనికి పెట్రోలు పొయ్యం అనేశారు. షెరీఫ్ సాయంత్రం దాకా టైమిచ్చాడు. సిస్టర్ మోజెల్, నువ్వేం మాట్లాడక్కర్లేదు, లోపలికి పో."

ఆర్డీలియా అటు తిరగను కూడా తిరగలేదు. "మా తాత పొలం హద్దు అడగడానికి వచ్చాను. ఎవరైనా అడగొచ్చట. పొద్దున కోర్టులో ఆ కాగితం చదివొచ్చాను. 'ఎవరైనా' అనే రాసి ఉంది."

మోజెల్‌కి ఒళ్ళు మండింది. తన వాకిట్లో నిలబడి తనకి నేర్పుతోంది. దానికి తోడు ఆ డోయల్ గాడు, తన ఇంట్లోకి తననే పొమ్మంటున్నాడు. ఇద్దరిలో ఎవరిమీద ఎక్కువ కోపమొచ్చిందో చెప్పలేం. బకెట్ కింద పెట్టి కొట్టం తలుపు తీసింది.

"అడుగు, అడిగి చావు. ఎవరి పేరో దానికి గుర్తుంటే కదా!"

ఆర్డీలియా టోపీ తీసి కర్నల్ ఎడమ చెవి దగ్గర వంగింది. గొంతు తగ్గించలేదు. "ఐసమ్ బెల్."

నానబెట్టిన ఓట్స్ తినడం ఆపేసింది కర్నల్. చెవులు రెండూ నిక్కాయి. ఆ చెవులు నిక్కగా మోజెల్ చూసి చాలా ఏళ్ళయింది. కొట్టంలోంచి బయటికొచ్చి, వాకిలి దాటి, వాగు వైపు తిరిగింది. వాగులో మోకాళ్ళ లోతున నడిచి అవతలి గట్టెక్కి, మోజెల్ పచ్చిక బయలు మూల దగ్గర ఆగి, ముందుకాలితో నేల మీద ఒకసారి కొట్టింది. అక్కణ్ణుంచి మొదలుపెట్టింది.

ఆర్డీలియా కారు డిక్కీలోంచి హద్దు కర్రల మోపు తీసింది. కొత్తగా చెక్కిన కర్రలు, సొంత సుత్తి. ఆస్పత్రి చాకిరేవులో పాతికేళ్ళు తడిబట్టలు ఎత్తిన చేతులు ఆవిడవి. ఒక్కో కర్రా మూడు దెబ్బల్లో దిగిపోతోంది. కర్నల్ మోజెల్ వేసిన తీగ కంచెని ఛాతీతో నెట్టుకుంటూ పోయింది, గడ్డివాము పక్కనుంచి పోయింది, ఉప్పుబండ మీంచి దాటింది. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగింది. నలభై ఎకరాలు. స్ట్రౌడ్ వాళ్ళ మొత్తం భూమిలో రాయి లేని నలభై ఎకరాలు అవే.

"మా మామగారు కొన్నాడు దాన్ని," అంది మోజెల్.

"ఎవరి దగ్గర?"

మోజెల్ నోరు తెరిచింది. ఆ ప్రశ్న నలభై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తను ఆ ఇంట్లో అడగలేదని అప్పుడే తట్టింది. జవాబు తెలియక కాదు.

"పొద్దు గూకుతోంది," అని మాత్రం అంది. "పో ఇక్కణ్ణుంచి."

ఆ హద్దు ఖాయం చెయ్యడానికి శనివారం పెట్టిన కోర్టు కిటకిటలాడింది. అరుగుల మీద కూడా మనుషులే. ఆర్డీలియా వెనక గోడకి ఆనుకుని నిలబడింది. బెంచీలో చోటున్నా ఎవరూ జరగలేదు. డోయల్ ప్రిచెట్ లేచి, టోపీ గుండెకి ఆనించుకుని, చర్చిలో సాక్ష్యం చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు.

"జడ్జిగారూ, కర్నల్ అంటే మనందరికీ గౌరవమే. మా తాతని మోసింది. కానీ ముసలిదైపోయింది. బుర్ర పనిచెయ్యడం లేదు. పాపం సిస్టర్ మోజెల్ విధవరాలు, ఆవిడ నోటి దగ్గర కూడు లాక్కోడానికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తుంటే మనం చూస్తూ ఊరుకోవాలా? కర్నల్ మాట ఇక చెల్లదని ఒక్క ముక్క రాయండి. చాలు."

జనం బల్లలు చరిచారు. జడ్జి కళ్ళజోడు తుడుచుకుని మోజెల్ వైపు చూశాడు. "ఏమంటావు మోజెల్? పొలం నీదే కదా. బుర్ర చెడిందంటావా?"

అవునంటే అయిపోతుంది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ డోయల్ మొహం చూసింది. ఆవిడకి జాలి చూపిస్తున్న మొహం కాదది. బేరం కుదిరినవాడి మొహం. ఇరవై మూడేళ్ళ కిందట వాళ్ళ నాన్న ఊట బావి దగ్గర కర్రలు పీకి పారేస్తుంటే పక్కన నిలబడ్డ కుర్రాడు వీడే.

"ఎప్పట్నించి చెడింది బుర్ర?" అంది మోజెల్, కూర్చునే.

"అంటే?"

"నిన్నట్నించా, పోయినేడాది నుంచా, ఇరవై మూడేళ్ళ నుంచా? ఊట బావి రోజు బాగుందా, బాలేదా?"

డోయల్ నవ్వాడు. "అది తర్వాత మాట్లాడుకుందాం."

"అదే అనుకున్నా." మోజెల్ లేచింది. "వీడికి నా నలభై ఎకరాల మీద దిగుల్లేదు. కర్నల్ మాట కొట్టేస్తే రేపు ఊట నాదంటాడు. ఒరేయ్ డోయల్, ఒక్క నా గీతేనా పోయేది? ఈ బెంచీల్లో కర్నల్ నడవని పొలం ఎవరిదుందో లేచి నిలబడమను."

ఎవరూ లేవలేదు. చాలామంది పక్కవాళ్ళ వైపు ఓరగా చూశారు. పక్కింటివాడు తన పొలంలో ఎంత లోపలికి రాగలడో లెక్కేస్తున్న చూపులు. 

"దానికి బుర్ర చెడలేదు," అంది మోజెల్. ఆ మాట అంటున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. "నాకు ఊట కావాలి. ఆవిడ నలభై ఎకరాలూ ఆవిడకి పారెయ్యండి."

జడ్జి సంతకం పెట్టాడు. ఆర్డీలియా ముందుకొచ్చి కాగితం అందుకుంది. మోజెల్ పక్కనుంచి వెళ్తూ థ్యాంక్స్ చెప్పలేదు. మోజెల్ కోరుకోనూ లేదు.

ఆ వారం నుంచి మోజెల్ చర్చిలో కూర్చుంటే ఆ బెంచీ మొత్తం ఖాళీ అయ్యేది. కొట్టువాడు గుడ్లు కొనడం మానేశాడు. ఒకసారి బుట్ట ఎత్తి చూసి, "ఇవి నల్లకోళ్ళు పెట్టినవేమో," అన్నాడు. షాపంతా నవ్వింది. కంచె తీగలు మూడుసార్లు తెగ్గొట్టారు. వాగు అవతల ఆర్డీలియా ఇల్లు కట్టుకోడానికి దింపించిన కలప రెండుసార్లు తగలబడింది. మూడోసారి ఆవిడ కలప తేలేదు. వాగులో రాళ్ళేరి గోడలు లేపడం మొదలుపెట్టింది. ఆ రాళ్ళు తగలబెట్టడం ఎవరి వల్లా కాలేదు.

ఆడవాళ్ళిద్దరూ వాగుకి ఇటొకరూ అటొకరూ రోజూ కనపడేవాళ్ళు. మాటల్లేవు. ఒకరోజు మోజెల్ దూడ వాగు దాటి పోతే ఆర్డీలియా దాన్ని కర్రతో అదిలించి వెనక్కి తోలింది. అంతకంటే ఏమీ జరగలేదు.

ఆగస్టులో ఒక ఉదయం మోజెల్ పాలిచ్చే ఆవు, ఎర్రది, ఊట పక్కన పడి ఉంది. చెవి వెనక తూటా. ఇంకా ఈగలు కూడా ముసరలేదు. పొద్దున మిగతా ఆవుల పాలు పితుకుతున్నప్పుడు తుపాకీ పేలిన చప్పుడు విని, ఎవరో ఉడతల్ని వేటాడుతున్నారనుకుంది. చప్పుడొచ్చింది ప్రిచెట్ స్ట్రాబెరీ తోట వైపు నుంచి.

మోజెల్ ఆవు పక్కన చాలాసేపు కూర్చుంది. ఏడవలేదు. తర్వాత లేచి, గౌను ఎత్తిపట్టుకుని వాగు దాటింది.

ఆర్డీలియా గోడ మీద రాయి పెడుతూ ఆగింది. "అక్కడే ఆగు. ఏంటి?"

"టాల్బర్ట్‌ల వాళ్ళెవరైనా మిగిలారా?"

ఆర్డీలియా చేతిలో రాయి కింద పెట్టింది. "ఏ టాల్బర్ట్‌లు?"

"ఆంబ్రోజ్ టాల్బర్ట్. స్ట్రాబెరీ తోట ఉన్న చోట ఉండేవాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఊరివాళ్ళు తరిమేస్తే వాళ్ళు బండెక్కి పోతుంటే రోడ్డు పక్కన నిలబడి చూశాను." మోజెల్ మొహం ఇంకా గట్టిపడింది. "ఆ మధ్యాహ్నమే మా అమ్మ ఆ టాల్బర్ట్ వంటింట్లోంచి ఇనప పొయ్యి తెచ్చుకుంది. మేం మోసుకొస్తుంటే ఇంకా వేడిగానే ఉంది. నా పెళ్ళయ్యేదాకా అందులో కాల్చిన రొట్టెలే తిన్నాను."

ఆర్డీలియా ఆవిడని పైనుంచి కిందికి చూసింది. గౌను అంచుకి నెత్తురుంది. అవతల ఊట పక్కన పడున్న ఆవు ఇక్కడికి కనపడుతూనే ఉంది. "నీ ఆవుని చంపితే గుర్తొచ్చిందా నీకు?"

"ఎప్పుడూ గుర్తే ఉంది."

"యాభై రెండేళ్ళు!"

"తిట్టుకో. నేను నీకు మంచిదాన్నవ్వడానికి రాలేదు. పొలం పోతుంటే ఆ డోయల్ గాడి మొహం చూడాలని ఉంది నాకు. మిగిలారా, లేదా?"

"మనవడున్నాడు. సెయింట్ లూయిస్‌లో, మా వీధిలోనే. నలుగురు పిల్లలు." ఆర్డీలియా మళ్ళీ రాయి ఎత్తింది. "కర్రలు కావాలంటే అదిగో, ఆ మూల మిగిలినవి ఉన్నాయి. సుత్తి నాది. తిరిగివ్వాలి."

మిట్టమధ్యాహ్నం మోజెల్ కర్నల్ ఎడమ చెవిలో ఆ పేరు చెప్పింది. ఆ కౌంటీ గాలిలో ఎవరూ పలకని పేరు. పలకగానే తన నాలుక మీద కొత్తగా అనిపించింది. కర్నల్ కళ్ళు మూసి తెరిచి, కొట్టంలోంచి బయలుదేరింది.

తోట మూల దగ్గర కాలు కొట్టింది. స్ట్రాబెరీ చాళ్ళ మీంచి అడ్డంగా నడిచింది. వెనకాల మోజెల్, అరవయ్యేళ్ళ మనిషి, ఒక్కో కర్రకీ ఏడెనిమిది దెబ్బలు కొడుతూ, రొప్పుతూ. రోడ్డు మీద ట్రక్కులు ఆగాయి. జనం దిగారు గానీ కంచె దాటి ఒక్కరూ రాలేదు. కోర్టులో తాము లేచి నిలబడలేదని ఆ ఆగిన ప్రతివాడికీ గుర్తుంది.

డోయల్ తుపాకీ పట్టుకుని వరండా మీదికి వచ్చాడు.

"ఎవరి పేరు చెప్పావే?"

"నీకు తెలుసు."

"కాల్చి పారేస్తాను దాన్ని!"

"కాల్చు. దాన్ని కాల్చినవాడి హద్దులు ఇక ఎవరు చెప్తారో ఆ రోడ్డు మీదున్న వాళ్ళని అడుగు. నీ పొలం చుట్టూ పొలాలు వాళ్ళవే."

డోయల్ రోడ్డు వైపు చూశాడు. చిన్నప్పటి నుంచి ఎరిగిన మొహాలు. ఒక్కటి కూడా తన వైపు లేదు. అవన్నీ ఎకరాలు లెక్కపెట్టుకుంటున్నాయి. తుపాకీ గొట్టం కొంచెం కొంచెంగా కిందికి దిగింది.

కర్నల్ ఆగలేదు. గీత ఇంటి మధ్యలోంచి పోతోంది. మెట్లెక్కి, డోయల్‌ని రాసుకుంటూ, ముందు గదిలోకి నడిచింది. మోజెల్ కర్రలు చంకన పెట్టుకుని వెనకే ఎక్కింది. లోపల వంటింట్లో డోయల్ భార్య ఐవా పిండి చేతులతో నిలబడి ఉంది. నాలుగు నెలలుగా చర్చిలో మోజెల్‌ని చూసి మొహం తిప్పుకుంటున్న మనిషి. కర్నల్‌ని చూసింది, మోజెల్‌ని చూసింది, వరండాలో బిగుసుకుపోయిన మొగుడి వీపు చూసింది.

 బల్ల దగ్గరి కుర్చీని పక్కకి లాగి, వెనక తలుపు తెరిచి పట్టుకుంది. కర్నల్ బయటికి వెళ్ళిపోయింది.

మోజెల్ వంటింటి మధ్యలో ఆగి చుట్టూ చూసింది. కొత్త చెక్క నేల. ఎక్కడ పాతాలో తోచలేదు.

"గిట్టల గుర్తులు అక్కడున్నాయి," అంది ఐవా, ఎటో చూస్తూ. "పొయ్యికి ఇవతల. కొట్టు."

మోజెల్ మోకాళ్ళ మీద కూర్చుని సుత్తి ఎత్తింది.