నాలుగు నిమిషాలు కదలకుండా

"మా ఆవిడకి రెండు నిమిషాల్లో కానిచ్చేశారు కదా తల్లీ! నాకు నాలుగెందుకు? మిషను పాడైందా, నా రోగం ముదిరిందా?"

గొంతులో కణితితో వచ్చిన ముసలి దర్జీ రేడియేషన్ బల్ల ఎక్కకుండానే అడిగాడు. ఐదేళ్ల కిందట భార్యను ఇదే గదికి తీసుకొచ్చి, బయట గడియారం చూస్తూ కూర్చున్న మనిషి. లెక్క మరిచిపోలేదు.

టెక్నీషియన్‌కు ఆ రోజు అతను ముప్పై ఒకటో రోగి. నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయి. అయినా చెప్పింది.

"రెండూ కాదు పెద్దాయనా. దీని తలలో కిరణాలిచ్చే కోబాల్టు ఉంటుంది. వాడినా వాడకపోయినా ఐదేళ్లు దాటేసరికి దాని సత్తువ సగమైపోతుంది. ఇంకో ఐదేళ్లకి ఆ సగంలో సగం. మీకు అందాల్సిన మోతాదు మాత్రం తగ్గకూడదు. అందుకే ఎక్కువసేపు పెడుతున్నాం."

"మా కత్తెరలే నయం. సాన పడితే మళ్లీ తెగుతాయి."

"దీనికి సాన లేదు. కొత్తది వేయాల్సిందే. ఏడాదిగా అడుగుతున్నాం."

చిక్కల్లా దగ్గుతో వచ్చింది. తల కదలకుండా ముఖానికి తొడుగు బిగించి పడుకోబెడితే రెండు నిమిషాలకల్లా అతని భుజాలు ఎగిరిపడేవి. ఆమె బయటి గదిలో తెర మీద చూసి యంత్రం ఆపేది. లోపలికి వెళ్లి, తొడుగు విప్పి, నీళ్లు తాగించి, మళ్లీ అన్నీ సరిచూసి మిగిలిన సమయం పెట్టేది. రోజూ ఇదే తంతు. బయట వరస పెరిగేది, సణుగుడు పెరిగేది. ఆమె మధ్యాహ్నం తిండి సాయంత్రానికి చల్లారేది.

ఒకరోజు దర్జీ చొక్కా తొడుక్కుంటుండగా సూపరింటెండెంటు వచ్చాడు.

"తలా అర నిమిషం తగ్గించమ్మా. ఎవరికి తెలుస్తుంది?"

"రోగానికి తెలుస్తుంది సార్."

ఆయన వెనుదిరిగి వెళ్లిపోయాడు. ఆ వారం ఆమె అడిగిన సెలవు మాత్రం రాలేదు.

దర్జీ ఆ మాటలు విన్నాడు. ఇంట్లో కోడలు గడియారం పట్టుకుని కూర్చుంటే, మంచం మీద వెల్లకిలా పడుకుని దగ్గు ఆపుకోవడం నేర్చుకున్నాడు. మొదట్లో మూడు నిమిషాలు కూడా దాటలేదు. ఇరవయ్యో రోజున ఆస్పత్రిలో నాలుగు నిమిషాలూ రాయిలా పడుకున్నాడు. తొడుగు విప్పగానే కళ్లమ్మట నీళ్లు కారేదాకా దగ్గాడు.

"అయిందా తల్లీ?"

"అయింది. ఒక్కసారికే అయిపోయింది."

మూడు నెలల తర్వాత పరీక్షలో కణితి కనబడలేదు. ఆ మాట చెప్పడానికి అతను బొంగురు గొంతుతోనే ఆమె గది దాకా వచ్చాడు. ఆమెకు సంతోషించే ఓపిక కూడా లేదు. పక్కన కూర్చోమంది. తర్వాతి రోగిని వెంటనే పిలవలేదు.