మామగారి సమాధికి యూరియా

పున్నమ్మలాంటి అత్తగారు పగవాళ్ళకు కూడా వద్దని కృపారాణి అభిప్రాయం. తెనాలి నుంచి బంతిపూలు తెప్పిస్తానంటే వినదు. మామగారి జ్ఞాపకార్థ ప్రార్థన నాడు ఆయన సమాధి చుట్టూ మొలిచిన పిచ్చిపూలే కోసి పెట్టాలి. నీలం విష్ణుక్రాంతం, గడ్డిచామంతి, పేరు తెలియనివి మరికొన్ని.

"మీ మామయ్య నాకు గట్టుమీద పూలే తెచ్చేవాడే. కొన్నపువ్వు ఎరగను" అంటుంది.

బతికున్నప్పటి పిసినారితనం పోయాక ప్రేమయిందన్నమాట, అనుకునేది కృపారాణి.

వానలు మొదలైన కొత్తలో రేపల్లె సమాధుల తోటలో ఆ నేల మరీ బక్కగా కనిపించింది. బాపట్లలో బోటనీ చదివిన కోడలు ఊరుకుంటుందా? వరికి వెయ్యగా మిగిలిన యూరియా తెచ్చి, సమాధి చుట్టూ దోసిళ్ళతో చల్లింది. పూలు విరగబూస్తే అత్తగారు నోరు వెళ్ళబెట్టాలని ఆశ. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ప్రార్థన నాటికి అక్కడ మోకాళ్ళెత్తు గడ్డి. ఒక్క పువ్వు లేదు.

"ఒరే లాజరూ!" పున్నమ్మ తోట కాపలా మనిషిని కేకేసింది. "కలుపు పీకడానికి బద్ధకించి మందు కొట్టావు కదరా! గడ్డిని వదిలేసి వెడల్పాకుల మొక్కల్ని చంపే మందు నాకు తెలీదా?"

"ప్రభువు తోడు పిన్నీ, నేనే మందూ కొట్టలేదండి."

"పాస్టరుగారితో చెప్పి నిన్ను పనిలోంచి తీయిస్తానుండు."

కృపారాణి వంగి గడ్డిని రెండు చేతులతో విడదీసింది. లోపలంతా చీకటి. పాలిపోయిన విష్ణుక్రాంతం తీగ ఒకటి చేతిలో పుటుక్కున తెగింది. నేల బక్కగా ఉన్నన్నాళ్ళూ గడ్డీ బక్కగానే ఉండి, అన్నిటికీ ఎండ అందనిచ్చింది. ఎరువు తిని లేచి, మిగతావాటి నెత్తిన కూర్చుంది. కాలేజీలో ఈ పాఠానికి ఆమెకు మంచి మార్కులే వచ్చాయి.

తలెత్తి చూసింది. తన దోసిలి విసురు ఎంతమేర పడిందో అంతమేరే గడ్డి. దాని అవతల నీలం పూలు, ఎప్పటిలాగే. చెవులు వేడెక్కాయి. ఇంటికెళ్ళాక మెల్లగా చెప్పొచ్చులే అనుకుంది. ఈలోగా లాజరు భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, జేబులోంచి గేటు తాళాలు తీసి పున్నమ్మ ముందు పెట్టాడు.

"అత్తయ్యా, అన్న ఏం చెయ్యలేదు. నేనే యూరియా చల్లాను."

"సమాధికా?"

"పూలు బాగా పూస్తాయని."

"చదువుకున్నావు కదే!"

"చదువుకునే చేశానత్తయ్యా." తాళాలు తీసి లాజరు చేతిలో పెట్టింది. అతని మొహంలోకి చూడలేకపోయింది. "తప్పు నాదే అన్నా. నిన్ను తిడుతుంటే వింటూ నిలబడ్డాను, అదీ తప్పే."